మేనరికం లెక్క ఏ గ్రూపు కిందికి వస్తుంది?

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖ మంత్రులకు బహిరంగ లేఖ



పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే మన ఇళ్లలో ఒక నిర్ణయం జరిగిపోతుంది. ఎంపీసీనా, బైపీసీనా? ఈ రెండూ కుదరకపోతే సీఈసీ. హెచ్ఈసీ చదువుతానన్న పిల్లవాణ్ణి చూసి బంధువులు జాలిపడతారు. చాలా ప్రైవేటు కాలేజీల్లో ఆ గ్రూపే లేదు. ఇష్టపడి చరిత్రో భాషో చదవాలనుకున్న పిల్లలు మార్కులు రాక అటు వెళ్లారన్న మాట పడాల్సి వస్తుంది. సైన్సు గ్రూపులో చేరిన పిల్లలు ఆ రోజు నుంచి చరిత్రను, సమాజాన్ని, భాషను గురించి ఎవరూ తమను అడగరని నమ్ముతూ పెరుగుతారు. అవి కబుర్లు, ఇవి రుజువులు అనే భేదం వాళ్ల మనసులో పదిహేనో ఏటే స్థిరపడుతుంది.

నేను డిగ్రీ కాలేజీలో బీఎస్సీ పిల్లలకు ద్వితీయ భాషగా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. ఈ భేదం అబద్ధమని నా నమ్మకం. దాన్ని ఉపన్యాసంతో కాక, ప్రతి తెలుగింటికీ తెలిసిన ఒక్క విషయంతో మీ ముందు పెట్టాలనుకుంటున్నాను. ఆ విషయం వరసలు.

క్లాసులో ఒక ప్రశ్న వేసేవాణ్ణి. మేనమామ కూతురు మీకేమవుతుంది? మరదలు. చిన్నాన్న కూతురు? చెల్లెలు. ఈ ఇద్దరిలో రక్తసంబంధం ఎవరితో ఎక్కువ? చెల్లెలితోనే అని పిల్లలు ముక్తకంఠంతో చెప్పేవాళ్లు. అప్పుడు జెనెటిక్స్ చదివే పిల్లలను బోర్డు దగ్గరికి పిలిచి వంశవృక్షం గీయమనేవాణ్ణి. తాత, అమ్మమ్మ దగ్గర మొదలుపెట్టి అమ్మ మీదుగా, మేనమామ మీదుగా దిగితే జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఉమ్మడి. తాత, నానమ్మ దగ్గర మొదలుపెట్టి నాన్న మీదుగా, చిన్నాన్న మీదుగా దిగినా అదే ఎనిమిదో వంతు. ఎక్స్ క్రోమోజోమ్ లెక్క పక్కన పెడితే ఈ ఇద్దరికీ జీవశాస్త్రం దృష్టిలో తేడా లేదు. కాని ఒకరితో పెళ్లి శుభలేఖ దాకా వెళుతుంది, ఇంకొకరితో పెళ్లన్న మాట నోట రావడమే పాపం.

అదే వీధిలో ఉండే ముస్లిం కుటుంబంలో చిన్నాన్న కూతురితో సంబంధం కలుపుకోవడంలో తప్పేమీ లేదు. ఉత్తరాదిలో చాలామంది హిందువులకు ఈ రెండు సంబంధాలూ నిషిద్ధమే. మళ్లీ మనలోనే, ఇంటిపేరూ గోత్రమూ ఒకటైతే ఇరవై తరాల దూరంలో ఉన్న పిల్లను కూడా చేసుకోరు. ఆ పిల్లతో ఉమ్మడి జన్యువులు లెక్కకు అందనంత తక్కువే ఉండవచ్చు. జీవశాస్త్రం అందరికీ ఒకటే. నియమాలు ఇన్ని రకాలు. నియమాలను రక్తం నిర్ణయించకపోతే ఏది నిర్ణయించింది? ఈ ప్రశ్న మైక్రోస్కోపు కింద తేలదు. జవాబు కావాలంటే మనుషులు ఒకరినొకరు ఏమని పిలుస్తారో, ఎవరికి ఏ హక్కు ఉందంటారో, ఎవరి పెళ్లిలో ఎవరు ఏ చోట నిలబడతారో తెలుసుకోవాలి. మానవీయ శాస్త్రాలు చేసే పని అదే.

ఆ పని ఎంత కట్టుదిట్టంగా జరిగిందో చెప్పే చరిత్ర ఒకటుంది, అందులో తెలుగు భాగస్వామ్యమూ ఉంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ పట్టణంలో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే న్యాయవాది ఉండేవారు. అక్కడి ఇరొక్వాయ్ తెగల మీద 1851లో పుస్తకం రాశారు. ఆ తెగల వారు చిన్నాన్నను నాన్న అనే పిలుస్తారనీ, పిన్నిని అమ్మ అనే పిలుస్తారనీ, వాళ్ల పిల్లలను తోబుట్టువులుగా లెక్కిస్తారనీ, మేనమామకూ మేనత్తకూ మాత్రం వేరే పేర్లున్నాయనీ ఆయన గమనించారు. యూరప్ వాళ్ల వరసలతో పోలిస్తే ఇది ఆయనకు వింతగా తోచింది. వేరే భాష మాట్లాడే ఇంకో తెగలోనూ అదే పద్ధతి కనిపించాక ప్రశ్నావళి తయారుచేసి ప్రపంచమంతటా పంపడం మొదలుపెట్టారు. 1859లో తమిళదేశంలో పనిచేసిన ఒక అమెరికన్ మిషనరీ ద్వారా ఆయనకు తమిళ వరసలు అందాయి. చూస్తే అచ్చం ఇరొక్వాయ్ పద్ధతే. 1871లో స్మిత్సోనియన్ సంస్థ అచ్చువేసిన ఆయన బృహద్గ్రంథంలోని పట్టికల్లో తమిళం, కన్నడంతో పాటు తెలుగు వరసలకూ స్థానం ఉంది. పెదనాన్న, పిన్ని, మేనత్త, బావ, మరదలు అనుకుంటూ మన అమ్మమ్మలు పిలుచుకున్న పిలుపులు ఆ రోజుల్లోనే శాస్త్ర సమాచారమయ్యాయి.

ఆ పోలిక నుంచి మోర్గన్ ఒక సిద్ధాంతం కట్టారు. అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వచ్చారనడానికి ఈ వరసలే సాక్ష్యమన్నారు. తర్వాతి వాళ్లు ఆ వాదాన్ని నమ్మి ఊరుకోలేదు, పరీక్షకు పెట్టారు. రెండు దూరపు జనాల మధ్య పోలిక కనిపిస్తే అది పుట్టుక వల్లే రావాలని లేదు, ఒకే రకం నియమం రెండు చోట్ల విడివిడిగా ఏర్పడినా రావచ్చు. పైగా అసలు ఆ పోలిక పూర్తి పోలికేనా అన్న అనుమానం మిగిలే ఉంది. ఆ అనుమానాన్ని తీర్చినవారు ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ. గణితంలో డిగ్రీ తీసుకుని భాషాశాస్త్రంలోకి వచ్చి, ఇరొక్వాయ్ భాషల్లో ఒకటైన ఒనైడా మీద పనిచేసిన పండితుడాయన. ఆయన 1964లో ఒక అడుగు దూరపు చుట్టరికాలను పరిశీలించారు.

ఇక్కడ కాస్త నిదానించి, మీ ఇంటి లెక్కలోనే సరిచూసుకోండి. మీ నాన్నగారి మేనత్త కొడుకు మీ నాన్నకు బావ. మీకు? మామ. ఆయన కూతురు మీకు మరదలో వదినో అవుతుంది. తెలుగువాళ్లెవరైనా తడుముకోకుండా చెప్పే మాట ఇది. ఇరొక్వాయ్ లెక్కలో మాత్రం నాన్న తరపు మగవాళ్లలో ఆయన వరసవాళ్లందరూ నాన్నలే. అంటే మనం మామ అన్న ఆ మనిషి అక్కడ నాన్న. ఆయన కూతురు చెల్లెలు. దగ్గరి బంధువుల దగ్గర అచ్చుగుద్దినట్టున్న రెండు పద్ధతులు రెండో మెట్టు దగ్గర విడిపోయాయి. కారణం మన పద్ధతి లోపల ఒక నియమం పనిచేస్తోంది. బావలు, వదినలు, మరదళ్లు అనే వర్గం ప్రతి తరంలోనూ పెళ్లికి తగిన ఇంటి వర్గం. ఒక తరంలో పిల్లనిచ్చి పుచ్చుకున్న బంధం తర్వాతి తరానికీ కొనసాగుతుందన్న లెక్క మన పిలుపుల్లో ఇమిడి ఉంది. అత్త అన్న ఒక్క పిలుపు కింద మేనత్తా, మేనమామ భార్యా, పిల్లనిచ్చిన తల్లీ ముగ్గురూ చేరడానికి మూలం అదే. ఫ్రెంచి పండితుడు లూయీ డ్యూమాంట్ 1953లోనే దక్షిణాది వరసలను వివాహబంధం వైపు నుంచి చదవాలని వాదించారు. ఇరొక్వాయ్ వరసలకు ఆ ఆధారం లేదు.

ఒక పరికల్పన, దాన్ని బలపరిచే సమాచారం, దానికి ఎదురు తిరిగే ఒక్క ఉదాహరణ కోసం వెతుకులాట, ఆ ఉదాహరణ దొరికాక పాత వివరణను వదిలి కొత్తది కట్టడం. ఇందులో ఎక్కడ కబుర్లున్నాయో నాకు చూపించమని కోరుతున్నాను. వరసలే సాక్ష్యమన్న మోర్గన్ వాదన నిలవలేదు, ఆయన సేకరించిన పట్టికలు నిలిచాయి. భౌతికశాస్త్రంలోనూ ఇంతే కదా.

ఈ కథలో గణితం పాత్ర ఇంకా పెద్దది. 1949లో క్లోద్ లెవీ స్ట్రాస్ బంధుత్వ వ్యవస్థల మీద రాసిన ప్రసిద్ధ గ్రంథానికి ఆంద్రే వేయ్ అనుబంధం రాశారు. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప గణితవేత్తల్లో ఒకరాయన. ఆస్ట్రేలియా ఆదివాసుల పెళ్లి నియమాలను గ్రూప్ థియరీతో విప్పి చూపారు. ఈ వేయ్ అంతకు ముందు, 1930లో, ఇరవై మూడేళ్ల వయసుకే అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి గణిత ఆచార్యుడిగా వచ్చారు. ఆయన అక్కడికి పిలిపించుకున్న యువకుల్లో దామోదర్ ధర్మానంద్ కోశాంబి ఉన్నారు. వేయ్ తర్వాతి కాలంలో వరసలకు గణితం రాస్తే, కోశాంబి నాణేలకు రాశారు. చేతులు మారే కొద్దీ వెండి నాణెం అరిగి బరువు తగ్గుతుంది. ఒక్కో నాణెం ఒక్కో రకంగా అరుగుతుంది కాబట్టి బరువుల మధ్య వ్యత్యాసం కూడా పెరుగుతుంది. ఈ ఊహను తన కాలంలో చలామణిలో ఉన్న నాణేలను తూచి సరిచూసుకుని, తక్షశిలలో దొరికిన ప్రాచీన నాణేల రాశుల మీద ప్రయోగించారు. ఏ ముద్ర ముందుదో, ఏది తర్వాతదో తేల్చడానికి త్రాసు, గణాంకశాస్త్రం ఆయనకు పనికొచ్చాయి. జన్యుశాస్త్రంలో క్రోమోజోమ్ మీద జన్యువుల దూరాన్ని లెక్కించే ఒక సూత్రం ఈనాటికీ కోశాంబి పేరుతోనే ఉంది. అదే చేత్తో భర్తృహరి శతకాలకు రాతప్రతులు పోల్చి శుద్ధపాఠం నిర్ణయించారు. ఇప్పుడు మన ఊళ్లో అలాంటి పిల్లవాడు పుడితే ఏ గ్రూపులో చేరాలి, మంత్రిగారూ?

మేనరికం ఎంత పాతదన్న ప్రశ్నకు కూడా ఊహలతో పనిలేదు. మేనమామ కూతురినీ మేనత్త కూతురినీ పెళ్లాడటం దక్షిణాది వాళ్ల ప్రత్యేక ఆచారమని బౌధాయన ధర్మసూత్రం పేర్కొంది. అది శాస్త్రకారుడి మాట. మనుషులు నిజంగా అలా చేశారా? నాగార్జునకొండ శాసనాలు చేశారనే చెబుతున్నాయి. క్రీ.శ. మూడో శతాబ్దంలో విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు తన మేనత్త హమ్మసిరి కూతుళ్లయిన బాపిసిరిని, ఛఠిసిరిని పెళ్లాడాడు. అక్కడి బౌద్ధ మహాచైత్యం దగ్గర స్తంభాలు నిలిపిన రాజకుటుంబపు స్త్రీలు తామెవరి కూతురో, ఎవరి చెల్లెలో, ఎవరి భార్యో చెప్పుకుంటూ ప్రాకృతంలో చెక్కించిన మాటల వల్లే ఈ సంగతి మనకు తెలిసింది. కృష్ణ ఒడ్డున ఆ స్త్రీలు తమ చుట్టరికాలను అంత వివరంగా చెక్కించి ఉండకపోతే ఈ చరిత్ర శూన్యం. నాగార్జునసాగర్ నీటిలో ఆ లోయ మునగకముందు, 1954 నుంచి 1960 వరకు, భారత పురాతత్త్వ శాఖ అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి తరలించింది. డ్యామ్ కట్టిన ఇంజనీరు, శాసనం చదివిన పండితుడు ఒకే లోయలో ఒకే కాలంలో పనిచేశారు. ఆ రోజుల్లో దేశం ఇద్దరి అవసరాన్నీ గుర్తించింది.

ఈ చదువు తిరిగి సైన్సుకు ఏమిచ్చిందన్నది మీరు అడగదగిన ప్రశ్న. ఆసుపత్రికి వెళ్దాం. మేనమామ కూతురిని చేసుకున్నవాళ్ల బిడ్డకు ఒకే పూర్వీకుడి జన్యువు రెండు వైపుల నుంచీ చేరే అవకాశం పదహారింట ఒకటి. అక్క కూతురిని చేసుకుంటే అది ఎనిమిదింట ఒకటి. పాఠ్యపుస్తకం లెక్క ఇంతే. కాని ఆ దంపతుల తల్లిదండ్రులదీ మేనరికమే అయితే, వాళ్ల తాతలదీ మేనరికమే అయితే, అసలు సంఖ్య అంతకన్నా ఎక్కువ. దరఖాస్తులో "రక్తసంబంధమా? అవును / కాదు" అన్న గడిలో టిక్కు పెడితే ఈ సంగతి బయటపడదు. నాయనమ్మను కూర్చోబెట్టి, వాళ్ల వరసల భాషలోనే ప్రశ్న అడిగి, ఆమె ఎవరిని అత్త అంటుందో, ఎందుకు అంటుందో తెలుసుకుంటే తప్ప వంశవృక్షం సరిగ్గా రాదు. వరసకు మేనమామ అయిన మనిషి సొంత మేనమామ కాకపోవచ్చు. ఆ తేడా తెలియని డాక్టరు లేని ప్రమాదాన్ని ఉందనుకోవచ్చు, ఉన్నదాన్ని చూడలేకపోవచ్చు.

మన నేల మీద ఈ పనికి పూనుకున్నవారి పేర్లు కూడా చెప్పాలి. జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. జన్యుశాస్త్రానికి గణిత పునాది వేసిన ముగ్గురిలో ఆయన ఒకరు. ఆయనకు సైన్సులో డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం మొదలుపెట్టి, గ్రీకు, లాటిన్ సాహిత్యాలు, తత్త్వశాస్త్రం, ప్రాచీన చరిత్ర చదివి పట్టా తీసుకున్నారు. ఆయన దగ్గర శిష్యరికం చేసిన పిఠాపురం వాసి ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు ఎంత తరచుగా జరుగుతున్నాయో, వాటి ఫలితాలేమిటో పరిశీలించి 1963లో ప్రచురించారు. ఇది జన్యుశాస్త్రమా, సమాజశాస్త్రమా? ఈ ప్రశ్న వాళ్లను ఆపలేదు.

మేనరికాన్ని సమర్థించడానికి నేనిదంతా రాయడం లేదు. పుట్టగానే ఫలానా బావకు రాసిపెట్టిన ఆడపిల్లలు ఇష్టం లేని పెళ్లిళ్లలో నలిగిపోయిన ఇళ్లు మనందరికీ తెలుసు. పొలం బయటికి పోకూడదని పిల్లను ఇంట్లోనే ఇచ్చుకున్న లెక్కలూ తెలుసు. మానుకోమని చెప్పాలన్నా ముందు అది ఎలా నిలబడిందో తెలిసి ఉండాలి. జన్యువుల పోస్టరు గోడకు అంటిస్తే మేనరికం ఆగదు. ఆడపడుచుకూ పుట్టింటికీ ఉన్న బంధం, ఆస్తి, పరాయి ఇంటికి పంపే భయం, ఇవన్నీ ఆ పెళ్లి వెనక ఉన్నాయి. వాటిని అర్థం చేసుకోవడానికి చరిత్ర, సాహిత్యం, సమాజశాస్త్రం చదివిన మనుషులు ఆరోగ్యశాఖలో కూడా ఉండాలి.

ఇప్పుడు భాష వరస. తెలుగు భాషకు అక్కచెల్లెళ్లు ఎవరని అడిగితే మన పిల్లలు తమిళం, కన్నడం అంటారు. పండితులు వేరే జవాబు చెబుతారు, ఎలా చెబుతున్నారో చూడండి. తమిళంలో ఉరల్, తెలుగులో రోలు. అక్కడ ఇరండు, ఇక్కడ రెండు. అక్కడ ఉళ్, ఇక్కడ లో. అక్కడ ఇళ, ఇక్కడ లేత. పాత ద్రావిడ మాటలు రకారంతోనో లకారంతోనో మొదలుకావు. తమిళ వ్యాకరణం తొల్కాప్పియం కూడా ఆ మాటే అంటుంది. తెలుగులో మాత్రం అలాంటివి బోలెడు. కారణం, తొలి అచ్చును దాటుకుని హల్లు మాట మొదటికి జరిగింది. ఇది నియమమైతే దాన్నుంచి ఒక జోస్యం పుడుతుంది: తెలుగులో ర, ల లతో మొదలయ్యే దేశ్యపదానికి అచ్చుతో మొదలయ్యే తోబుట్టువు ఇంకో భాషలో ఉండాలి. సంస్కృతం నుంచి వచ్చిన రాజు, లాభం లాంటివి వేరు. మిగిలినవాటిని ఒక్కొక్కటిగా పరీక్షించుకోవచ్చు. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి ఇలాంటి మార్పులన్నిటినీ పరిశోధించి 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచురించిన తెలుగు ధాతువుల గ్రంథంలో క్రోడీకరించారు. తర్వాత కొండ భాష మాట్లాడేవాళ్ల మధ్య పనిచేసి దానికి వ్యాకరణం రాశారు.

హల్లు ముందుకు జరిగే ఈ మార్పు తమిళ కన్నడాల్లో లేదు. గోండి, కొండ, కుయి, కువి భాషల్లో ఉంది. ఇలాంటి ఉమ్మడి మార్పుల ఆధారంగా కృష్ణమూర్తి తెలుగును ఈ భాషలతో కలిపి ఒక శాఖగా గుర్తించారు. ఆదిలాబాద్ అడవుల్లో గోండి మాట్లాడే మనిషి, అరకు కొండల్లో కొండ భాష మాట్లాడే మనిషి, వీళ్లు మాట్లాడేది తెలుగుకు తోడబుట్టిన భాష. మైదానంలో ఉండే మనం ఆ పిల్లలను బడిలో చేర్చుకుని, వాళ్ల మాటను యాసంటూ, మొరటంటూ వెక్కిరిస్తూ వచ్చాం. మన భాషకు ఇంత దగ్గరి బంధువులు వాళ్లేనని తెలిసింది కావ్యగానం వల్ల కాదు, ధ్వనినియమాల వల్ల. సంస్కృతి గురించి మానవీయ శాస్త్రాలు చెప్పే నిజాలు ఇలాంటివి. అవి మనకు అలవాటైన గర్వాన్ని నిలదీస్తాయి.

ఈ పని మీద సైన్సు మళ్లీ ఎలా అల్లుకుందో కూడా చూడాలి. 2018లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఇరవై ద్రావిడ భాషల పదాలను తీసుకుని, జీవజాతుల వంశవృక్షాలు కట్టే గణాంక పద్ధతితో లెక్కించి, ఈ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లని అంచనా వేసింది. ఆ బృందంలో ముందున్న కొలిపాకం విష్ణుప్రియ డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త. వన్యప్రాణుల మీద పనిచేసే సంస్థ నుంచి భాషల వయసు లెక్క రావడం చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. డార్విన్ కూడా 1859 నాటి తన గ్రంథంలో జీవుల వర్గీకరణను వివరించడానికి భాషల వంశావళినే ఉదాహరణగా తీసుకున్నారు. అంతకు ఆరేళ్ల ముందే జర్మన్ పండితుడు ష్లైకర్ భాషలకు చెట్టు బొమ్మ గీశారు. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉంది. కంప్యూటర్ ఎంత వేగంగా లెక్క కట్టినా, రోలు, ఉరల్ ఒకే మాట రూపాలని ముందుగా ఎవరో చెప్పి ఉండాలి. ఆ చెప్పేవాళ్లు భాషాశాస్త్రం చదివినవాళ్లు.

తేడాలు లేవని నేననను. చరిత్రను ప్రయోగశాలలో మళ్లీ నడిపించలేం. నక్షత్రాలను, కొండలను కూడా ప్రయోగశాలకు తేలేం, అయినా ఖగోళశాస్త్రాన్నీ భూగర్భశాస్త్రాన్నీ సైన్సు అంటూనే ఉన్నాం. అసలు తేడా వేరే చోట ఉంది. మేనత్త కూతురితో పెళ్లి కుదిరిన ఇంట్లో ఆ పిల్ల ఏమనుకుంది, తల్లి ఎందుకు కంటతడి పెట్టింది, పాటల్లో ఆ బాధను ఎలా దాచుకున్నారు, వీటికి కొలమానం లేదు. వీటిని కథలో, పాటలో, జ్ఞాపకంలో చదవడం నేర్చుకోవాలి. అదీ శిక్షణతో వచ్చే విద్యే. తోచినట్టు చెబితే ఒప్పుకోని విద్య.

అందుకని మిమ్మల్ని కొన్ని కోరుతున్నాను. ఇంటర్మీడియెట్‌లో సైన్సు గ్రూపుల పిల్లలకు చరిత్రో, భాషాశాస్త్రమో, సమాజశాస్త్రమో మార్కుల లెక్కలో చేరే సబ్జెక్టుగా చదివే వీలు ప్రతి కాలేజీలోనూ నిజంగా ఉండేలా చూడండి. కాగితం మీద అవకాశమిచ్చి, చెప్పే లెక్చరర్ లేకపోతే అది అవకాశం కాదు. ఆర్ట్స్ గ్రూపుల పిల్లలకు గణాంకశాస్త్రం నేర్పండి. కోశాంబి చేసిన పని వాళ్లూ చేయగలరు. విశ్వవిద్యాలయాల్లో శాసన పరిశోధన, భాషాశాస్త్రం, మానవశాస్త్రం చెప్పే ఆచార్యులు రిటైరైనప్పుడు ఆ కుర్చీని ఖాళీగా వదలకండి. ప్రాకృత శాసనం చదవగలిగిన మనిషి తన తర్వాత ఇంకొకరికి నేర్పకుండా వెళ్లిపోతే ఆ విద్యను యంత్రాలు కొని తెచ్చుకోలేం.

మరొకటి, ఖర్చు లేనిది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ప్రతి ఊళ్లో వరసలు రాయించండి. ఎవరిని ఏమని పిలుస్తారు, ఏ కులంలో, ఏ మతంలో, ఏ తెగలో ఎలా మారుతుంది, అమ్మమ్మ కాలంలో ఏమనేవారు. గోండి, కోయ, కొండ, సవర పిల్లలు తమ భాషలోనే రాయాలి. ఇప్పుడు చాలా ఇళ్లలో అందరూ అంకుళ్లు, ఆంటీలు అయిపోయారు. ఇంకో తరం గడిస్తే అడగడానికి పెద్దవాళ్లు మిగలరు. పిల్లలు తెచ్చిన పట్టికలను సైన్సు మాస్టారూ, సోషల్ టీచరూ, తెలుగు పంతులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని పరిశీలించాలి. వంశవృక్షం గీయడం జీవశాస్త్రం పాఠంలో ఉంది, కుటుంబం సోషల్ పాఠంలో ఉంది, బంధువాచకాలు తెలుగు పాఠంలో ఉన్నాయి. ఆ మూడు పాఠాలూ ఒకే ఇంటి గురించినవని పిల్లలకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

వచ్చే ప్రవేశాల ప్రకటన వెలువడే లోపే ఈ విషయమై మీ రెండు ప్రభుత్వాలూ ఉత్తర్వులు ఇవ్వాలని మనవి చేస్తున్నాను. వరసల సేకరణకు మాత్రం ఉత్తర్వుల దాకా ఆగనక్కర్లేదు. మీరొక మాట చెబితే వచ్చే సంక్రాంతి సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు. పిల్లలు ఊళ్లకు వెళ్లేదీ, అమ్మమ్మలు తీరిగ్గా దొరికేదీ అప్పుడే.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు